కొత్త ఇంట్లో స్మార్ట్ వైరింగ్: స్లాబు పడేలోపు తేల్చుకోవలసినవి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళలో చాలామందికి స్మార్ట్ పరికరాల ఆలోచన వచ్చేది రంగులు వేయించే రోజుల్లో. అప్పటికి స్లాబు పడిపోయి, గోడల్లోని పైపులు ప్లాస్టరింగ్ కిందికి వెళ్ళిపోయి, వైర్లు కూడా లాగేసి ఉంటారు. ఇక ఉన్న బోర్డుల్లో పట్టే పరికరం ఏదో వెతుక్కోవడమే మిగులుతుంది. అసలు నిర్ణయాలు తీసుకోవాల్సింది అంతకు చాలా నెలల ముందు. సెంట్రింగ్ మీద ఇనుము కట్టడం అయ్యాక, కాంక్రీటు పోసేలోపు ఎలక్ట్రీషియన్ పైపులు పరిచే ఆ ఒకటి రెండు రోజులే కీలకం.

స్మార్ట్ స్విచ్, కెమెరా, రూటర్ లాంటివి ఐదారేళ్ళకు పాతబడతాయి. మంచి రాగి వైరు పాతికేళ్ళు హాయిగా పనిచేస్తుంది. స్లాబులో పడిన పైపు ఇల్లు ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది. అందుకని మనం బుర్ర పెట్టాల్సిన వరస కూడా అదే కావాలి. ముందు పైపులు, తర్వాత వైర్లు, ఆ తర్వాత బోర్డులు, అన్నిటికన్నా చివర పరికరాలు. చాలా ఇళ్ళలో ఇది సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. అందుకే ఏ కంపెనీ స్విచ్ మంచిదన్న చర్చలోకి నేను పోవడం లేదు.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ఇల్లు అనుకుందాం. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో రెండు వందల గజాల స్థలం. కింద ఒక వాటా, పైన ఒక వాటా. మేడ మీద ట్యాంకు, వాకిట్లో సంపు, పక్కన బోరు. ముందు కారు పెట్టుకునే చోటు.

స్లాబులో, గోడల్లో పైపులు

మన దగ్గర వైరింగ్ పనిని పాయింట్ల లెక్కన మాట్లాడుకుంటారు. లైటుకో పాయింటు, ఫ్యానుకో పాయింటు, పాయింటుకి ఇంత. ఆ లెక్కలో లేని పైపును ఎలక్ట్రీషియన్ తనంతట తాను వేయడు, వేయాలని కోరడం న్యాయమూ కాదు. కాబట్టి స్లాబుకు వారం ముందే ఒక కాగితం మీద ఇంటి ప్లాను గీసి, అదనపు పైపులు ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో గుర్తుపెట్టి, వాటికి వేరే రేటు మాట్లాడుకోవాలి.

ఆ కాగితం మీద మొదట రావలసింది నీళ్ళ మోటారు. మన ఇళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడే ఆటోమేషన్ ఏదని ఎవరడిగినా నేను దీన్నే చెబుతాను. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోతుంటాయి. సంపులో నీళ్ళు అయిపోయినా మోటారు తిరుగుతూ కాలిపోతుంది. కుళాయి నీళ్ళు వదిలే వేళకి ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలి. నీటి మట్టాన్ని బట్టి మోటారును వేసి, ఆపే లెవెల్ కంట్రోలరు ఒకటి ఉంటే ఈ మూడు బాధలూ పోతాయి. కానీ తర్వాత పెట్టించుకున్నవాళ్ళ ఇళ్ళలో ట్యాంకు సెన్సర్ వైరు మేడ మీదినుంచి గోడ బయట వేలాడుతూ కిందికి వస్తుంది. రెండు వేసవులకు ఎండకి పెళుసుబారుతుంది, లేదంటే కోతులు పీకేస్తాయి. ట్యాంకు దిమ్మ దగ్గరినుంచి మోటారు స్టార్టరు దాకా, స్టార్టరు నుంచి సంపు దాకా ఒక్కో పైపు ముందే వేసేస్తే ఈ గొడవే ఉండదు.

తర్వాత సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి రూ.78,000 సబ్సిడీ ఉంది. ఇవాళ పెట్టకపోయినా ఇంకో రెండు మూడేళ్ళలో పెట్టే అవకాశం ఎక్కువ. మేడ మీదినుంచి మీటరు దాకా ఒక పెద్ద పైపు, ఎర్తింగ్ తీగ దిగడానికి ఒక దారి ఉంచాలి. అలాగే మెయిన్ బోర్డునుంచి కారు పెట్టే చోటికి ఇంకో పైపు. ఎలక్ట్రిక్ కారును 16 ఆంపియర్ల సాకెట్‌తో ఛార్జ్ చేస్తే 3.3 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. గోడకు బిగించే 32 ఆంపియర్ల ఛార్జరైతే 7.4 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఏసీలు, గీజర్లకు తోడు ఇది కూడా చేరితే సింగిల్ ఫేజ్ కనెక్షన్ సరిపోదు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడే త్రీ ఫేజ్ అడగడం మేలు.

ఇక ఇంటర్నెట్, కెమెరాల పైపులు. హాల్లో టీవీ గోడకి, ప్రతి పడకగదికి, ప్రతి అంతస్తులో మధ్యభాగం సీలింగుకి, గేటు దగ్గరికి, ఇంటి బయటి మూలలకి ఒక్కోటి చొప్పున వేయాలి. ఇవన్నీ ఒకే చోటికి వచ్చి చేరాలి. ఒకదానినుంచి ఇంకోదానికి గొలుసులా వెళ్ళకూడదు. వీధి స్తంభం మీదినుంచి వచ్చే ఫైబర్ కేబులుకు బయటి గోడనుంచి ఆ చోటిదాకా ఇంకో పైపు. చాలామంది దీన్ని మరిచిపోయి, చివరికి కొత్త కిటికీ ఫ్రేముకు రంధ్రం కొట్టించుకుంటారు.

పైపు సైజు 25 మి.మీ.కు తగ్గించకండి. మలుపుల దగ్గర ఎల్బోలు కాకుండా గుండ్రటి బెండ్లు వేయించండి. ఎల్బో దగ్గర డేటా కేబులు నలుగుతుంది, ఫైబరైతే విరుగుతుంది. కరెంటు వైర్లు, డేటా కేబుళ్ళు ఒకే పైపులో పోకూడదు. పక్కపక్కనే పొడుగునా వెళ్ళాల్సివస్తే వాటి మధ్య ఒక అడుగు దూరం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. కాంక్రీటు పోసేముందు ప్రతి పైపు మూతికీ బిరడా పెట్టారో లేదో స్వయంగా చూసుకోండి. సిమెంటు పాలు దిగి గడ్డకట్టిన పైపు ఇక ఎందుకూ పనికిరాదు, ఆ సంగతి బయటపడేది వైర్లు లాగే రోజున. ఖాళీగా ఉంచే పైపుల్లో సన్నటి జీఐ తీగ వేసి ఉంచితే పదేళ్ళ తర్వాత అయినా కేబులు లాగడం తేలిక.

బోర్డులో న్యూట్రల్ ఉందా?

మామూలు స్విచ్ చేసే పని ఫేజ్ తీగను కలపడం, విడదీయడం. దానికి న్యూట్రల్‌తో పని లేదు. స్మార్ట్ స్విచ్ లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. లైటు ఆర్పేసి ఉన్నా అది మేలుకునే ఉండాలి, ఫోనునుంచి వచ్చే ఆదేశాన్ని అందుకోవాలి. అంటే దానికి ఎప్పుడూ కరెంటు అందుతూ ఉండాలి. అందుకు ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా కావాలి. న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్‌లూ దొరుకుతాయి. అవి తమకు కావలసిన కొద్దిపాటి కరెంటును లైటు గుండానే లాక్కుంటాయి. పాత అరవై వాట్ల బల్బుతో అది తెలిసేది కాదు. ఇప్పటి ఐదు, తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు మాత్రం ఆ కాస్త కరెంటుకే రాత్రంతా మసకగా వెలుగుతాయి, లేదా మిణుకుమిణుకుమంటాయి. కంపెనీకి ఫిర్యాదు చేస్తే బల్బు మార్చమంటారు. అసలు కారణం గోడలో రాని న్యూట్రల్.

మన వైరింగ్ అలవాటు ఇక్కడ మనకు కొంత మేలు చేస్తుంది. ప్లగ్ సాకెట్ ఉన్న ప్రతి బోర్డులోనూ న్యూట్రల్ ఉండే తీరుతుంది. ఇబ్బంది వచ్చేది సాకెట్ లేని చిన్న బోర్డుల్లో. మెట్ల దగ్గర టూ వే స్విచ్, మంచం పక్క స్విచ్, బాత్రూమ్ బయటి స్విచ్, గేటు లైటు స్విచ్ ఇలాంటివే. పాయింట్ల లెక్కన పనిచేసే ఎలక్ట్రీషియన్ అక్కడ న్యూట్రల్ లాగడు, మామూలు స్విచ్‌కి అది అవసరమూ కాదు. అందుకని “ప్రతి బోర్డులోకి న్యూట్రల్, ఎర్త్ రెండూ రావాలి” అన్న మాటను ఒప్పందంలోనే రాయించుకోండి. టూ వే స్విచ్‌ల మధ్య మామూలుగా లాగే వైర్లకు తోడు ఇంకో అదనపు వైరు కూడా వేయించండి. రెండో స్విచ్‌నుంచి, మొదటి స్విచ్ వెనక పెట్టే స్మార్ట్ మాడ్యూల్‌కి సంకేతం తేవడానికి అది పనికొస్తుంది.

స్మార్ట్ స్విచ్‌లు రెండు తరహాలు. ఒకటి, మొత్తం బోర్డే టచ్ ప్యానెల్‌గా మారిపోయేది. రెండోది, మామూలు మాడ్యులర్ స్విచ్‌లు అలాగే ఉండి, వాటి వెనక బాక్సులో అగ్గిపెట్టెంత రిలే (కరెంటు సంకేతంతో పనిచేసే స్విచ్) మాడ్యూల్ దాగి ఉండేది. నా ఓటు రెండోదానికే. మాడ్యూల్ పాడైన రోజున ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి వైర్లు నేరుగా స్విచ్‌కి కలిపేస్తాడు, ఆ రాత్రికి లైటు వెలుగుతుంది. టచ్ ప్యానెల్ పాడైతే, ఆ మోడల్ బజారులో లేకపోతే, గదంతా చీకటే. పైగా ఇంట్లో పెద్దవాళ్ళకి చేతికి తగిలే స్విచ్ అలవాటు. వాళ్ళు ఫోను తీయకుండానే ఇల్లంతా నడవాలి, చుట్టాలు వచ్చినా ఎవరినీ అడగకుండా లైటు వేసుకోగలగాలి.

అయితే ఆ మాడ్యూల్ పట్టాలంటే బాక్సు లోతుగా ఉండాలి. 50 మి.మీ.కు తగ్గని బాక్సులు తీసుకోండి. ఆరు స్విచ్‌లు చాలనుకున్న చోట ఎనిమిది స్విచ్‌లు పట్టే బాక్సు పెట్టి ఖాళీ జాగాకు డమ్మీ ప్లేటు వేయించండి. ఇనుప బాక్సులు వైర్‌లెస్ సిగ్నల్‌ను కొంత అడ్డుకుంటాయి. వీలైతే పీవీసీ బాక్సులు మంచివి, ఇనుపవే వేస్తే ఎర్త్ తప్పక కలపాలి.

ఏ మాడ్యూల్ ఎంత కరెంటు మోయగలదో కూడా చూసుకోవాలి. లైట్లకు ఏదైనా చాలు. మూడు కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు తీసుకుంటుంది, 10 ఆంపియర్ల మాడ్యూల్ దానికి సరిపడదు. నీళ్ళ మోటారు సంగతి ఇంకా వేరు. మొదలయ్యే క్షణంలో అది నడిచేటప్పటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చిన్న రిలేను నేరుగా మోటారుకు కలిపితే దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, మోటారు ఆగదు. రిలే కాంటాక్టరును (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్‌ను) నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనే ఉద్దేశం ఉంటే వాటికి గోడ రెగ్యులేటరు అస్సలు వద్దు, వేగం మార్చే పని ఫ్యానులోని సర్క్యూటే చేసుకుంటుంది.

వైఫై గోడలు దాటదు

స్మార్ట్ ఇల్లు సరిగా పనిచేయడం లేదని విసుక్కునేవాళ్ళ ఇళ్ళలో తప్పు తరచుగా పరికరంలో ఉండదు, వైఫైలో ఉంటుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలున్న స్లాబు సిగ్నల్‌ను బాగా తినేస్తాయి. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పై అంతస్తుకు చేరేసరికి ఏమీ మిగలదు. 2.4 గిగాహెర్ట్జ్ కొంచెం దూరం పోతుంది, చాలా స్మార్ట్ పరికరాలు దాని మీదే నడుస్తాయి. అయినా హాలు మూలలో పెట్టిన ఒక్క రూటరు రెండు వాటాలకూ, గేటుకూ సరిపోదు.

దీనికి పరిష్కారం ఒక్కటే. కదలకుండా ఉండే ప్రతిదానికీ కేబులు వేయడం. టీవీ, కెమెరాలు, ప్రతి అంతస్తులో సీలింగుకు బిగించి వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింటు, వీటన్నిటికీ క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబులు లాగితే వైఫైని ఫోన్లకు, చిన్న పరికరాలకు వదిలిపెట్టవచ్చు. క్యాట్ 6 కేబులు 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ వేగాన్ని నిలకడగా మోస్తుంది, మన ఇళ్ళకు అది ఎక్కువే. అదే కేబులు మీద కరెంటు కూడా పంపే పీఓఈ పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో కెమెరా దగ్గర వేరే ప్లగ్ పాయింటు అక్కర్లేదు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. రాగి పూత పూసిన అల్యూమినియం కేబులు చవగ్గా దొరుకుతుంది. దూరం పెరిగేకొద్దీ దానిలో వోల్టేజి పడిపోతుంది, వంచితే తీగ తెగుతుంది, పీఓఈకి అది పనికిరాదు. పెట్టె మీద పూర్తి రాగి అని ఉన్నదే తీసుకోండి.

ఈ కేబుళ్ళన్నీ వచ్చి చేరే చోటు ఎక్కడ పెట్టాలన్నది ఇంట్లో చాలాసేపు నడిచే చర్చ. వాస్తు ప్రకారం కరెంటు సామాను ఆగ్నేయంలో ఉండాలని చాలామంది పట్టుబడతారు. మెయిన్ బోర్డు, ఇన్వర్టర్ అటు పెట్టుకోవచ్చు. కానీ ఆగ్నేయంలో వంటగది ఉంటే రూటరును, ఈ కేబుళ్ళన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ను ఆ నూనె పొగలోకి తోయకండి. ఇంటి లోపల మెట్ల కింద, లేదా హాలు, పడకగదుల మధ్యలో గోడలో ఒక గూడు కట్టించి, గాలి ఆడే తలుపు పెట్టి, లోపల నాలుగు ప్లగ్ పాయింట్లు ఇస్తే చాలు. మేడ మీద మెట్ల గదిలో మాత్రం వద్దు, మే నెల వేడికి పరికరాలు తట్టుకోలేవు.

కరెంటు పోయినప్పుడు, వచ్చినప్పుడు

విదేశీ వీడియోల్లో చూసి ఇల్లు ప్లాన్ చేసుకునేవాళ్ళకు తట్టని సంగతి ఇది. మనకు కరెంటు పోతుంది. పోయినప్పుడు లైట్లు ఇన్వర్టర్ మీద వెలుగుతుంటాయి, రూటరు మాత్రం ఆగిపోతుంది. ఫైబర్ పెట్టె, రూటరు, నెట్‌వర్క్ స్విచ్, స్మార్ట్ పరికరాలను నడిపే హబ్, కెమెరా రికార్డరు, ఇవన్నీ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. అన్నీ కలిపి ఒక పాత ఫ్యాను తీసుకునేంత కరెంటే. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే దాన్ని వేసి ఉంచండి. లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో రూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలు ఇల్లంతా మూగబోతుంది. ఇన్వర్టర్ లైను న్యూట్రల్, మామూలు లైను న్యూట్రల్ బోర్డుల్లో కలిసిపోకుండా చూడమని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. కలిస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) ఊరకే పడిపోతూ ఉంటుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది. ఆ విసుగుతో ఆర్‌సీసీబీనే పీకేసినవాళ్ళున్నారు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. షాక్‌నుంచి మనిషిని కాపాడేది ఆ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే.

కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. అర్ధరాత్రి రెండింటికి కరెంటు రాగానే స్మార్ట్ లైట్లన్నీ ఒక్కసారిగా వెలగడం మీరు వినే ఉంటారు. చాలా పరికరాల సెట్టింగులో, కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలో చెప్పే వీలుంటుంది. లైట్లకు “ముందున్న స్థితి”, గీజర్‌కు, మోటారుకు “ఆఫ్” పెట్టండి.

పిడుగులు, వోల్టేజి దూకుళ్ళనుంచి కాపాడటానికి మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్టరు) పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు, వీధిలో టీవీలు వరసగా కాలిపోయేది అప్పుడే. ఎస్‌పీడీ దాన్ని ఆపలేదు. వోల్టేజి హద్దు దాటగానే లైను తెంచే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టరు దానికి వేరుగా కావాలి. గోడల్లో ముప్పై చిన్న సర్క్యూట్లు పెట్టుకున్న ఇంటికి ఈ రెండూ తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఏ పద్ధతి ఎంచుకోవాలి?

వైఫై పరికరాలు చవక, పెట్టుకోవడం తేలిక. సంఖ్య పెరిగేకొద్దీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటరు తడబడుతుంది. జిగ్‌బీ అనేది వైఫై కాని ఇంకో వైర్‌లెస్ పద్ధతి, ఆ పరికరాలకు ఒక హబ్ కావాలి. కానీ అవి ఒకదాన్నుంచి ఇంకోదానికి సంకేతం అందించుకుంటూ ఇల్లంతా అల్లుకుపోతాయి, వైఫై మీద భారం వేయవు. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి మేటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 అక్టోబరులో వచ్చింది. అమెజాన్, ఆపిల్, గూగుల్, శాంసంగ్ దాని వెనక ఉన్నాయి. కొత్తగా కొనేవాటిమీద ఆ గుర్తు ఉంటే ఒక కంపెనీకే కట్టుబడిపోయే బెడద తగ్గుతుంది. కేఎన్‌ఎక్స్ అనే పూర్తి వైర్ల పద్ధతి అన్నిటికన్నా నమ్మకమైనది. దానికి ఇల్లంతా ప్రత్యేకమైన కేబులు పరచాలి, లైట్ల వైర్లన్నీ మెయిన్ ప్యానెల్‌కి తేవాలి, ప్రోగ్రాం చేసే నిపుణుడు కావాలి. హైదరాబాద్‌లో పెద్ద విల్లాకు సరే, మనం అనుకున్న రెండు వందల గజాల ఇంటికి అంత ఖర్చు అనవసరం.

అమెరికాలో ఉంటూ ఇక్కడ అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకు ఒక మాట. అక్కడి స్విచ్‌లు సూట్‌కేసులో తేకండి. అవి 120 వోల్టులకు చేసినవి, మన గోడ బాక్సుల్లో పట్టవు కూడా. జడ్‌-వేవ్ అనే ఇంకో వైర్‌లెస్ పద్ధతి పరికరాలైతే అక్కడ 908.42 మెగాహెర్ట్జ్ మీద, మన దేశంలో 865.2 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అక్కడి హబ్, ఇక్కడి సెన్సర్ ఒకదాని మాట ఒకటి వినలేవు.

ఏ పద్ధతైనా కొనేముందు దుకాణంలో ఒకటే అడగండి. ఇంటర్నెట్ లేనప్పుడు ఇది పనిచేస్తుందా? చాలా చవక పరికరాలు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరును అడిగిగాని లైటు వేయవు. రివాల్వ్ అనే హబ్‌ను దాని యజమాని కంపెనీ 2016 మే నెలలో ఆపేసింది, కొన్నవాళ్ళ చేతిలో పనికిరాని డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. హోమ్ అసిస్టెంట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే చిన్న కంప్యూటరు మీద నడుస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కానీ ఇంటి పగ్గాలు ఇంట్లోనే ఉంటాయి.

కెమెరాల విషయంలో పాస్‌వర్డ్ మార్చకుండా ఒక్క రోజు కూడా వాడకండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల కెమెరాలను, రూటర్లను లొంగదీసుకున్నది కంపెనీ వేసిన పాస్‌వర్డ్‌లతోనే. స్మార్ట్ తాళం పెట్టుకుంటే మామూలు తాళంచెవి కూడా పట్టే మోడల్ తీసుకోండి. మోటారు కర్టెన్ల ఆలోచన ఉంటే కిటికీ పైన, కర్టెన్ రాడ్ చివర ఒక పాయింటు వదిలితే సరి.

గృహప్రవేశం అయ్యాక వెంటనే ఏమీ కొనకుండా రెండు మూడు నెలలు ఆ ఇంట్లో ఉండి చూడండి. ఏ లైటు ఆర్పడం మరిచిపోతున్నారో, ఏ మీట కోసం పదేపదే లేవాల్సి వస్తోందో అప్పుడే తెలుస్తుంది. మోటారు, గీజర్, బయటి లైట్లతో మొదలుపెడితే పెట్టిన డబ్బుకు ఫలితం తొందరగా కనిపిస్తుంది. ఈలోపు, ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ టేపు పట్టి కొలత కనిపించేలా ఫోటోలు తీసి ఉంచండి. అన్ని పైపులూ గుర్తుపెట్టిన ఆ ప్లాను కాపీ ఒకటి మెయిన్ బోర్డు తలుపు లోపల అతికించండి. ఏ ఎమ్‌సీబీ ఏ గదిదో తెలుగులో రాసి పెడితే, మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళు ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.